గుంటూరు నుంచి సెయింట్ కిల్డా: ఖాళీ ఊరు, పది లక్షల పక్షులు

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మా బ్రాడీపేట ఇంట్లో ఆ వారం ఫ్యాను వేస్తే వడగాలి, ఆపేస్తే ఉక్క. అలాంటి రోజుల్లో మంచం నిండా స్వెటర్లు, ఉన్ని సాక్సులు, రెయిన్‌కోట్లు పరుచుకుని సర్దుతుంటే, పనమ్మాయి చీపురు పక్కన పెట్టి "అమ్మా, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగింది.

మా అబ్బాయి స్కాట్లండ్‌లోని గ్లాస్గోలో ఉంటాడు. కిందటిసారి వెళ్లినప్పుడు కోటలన్నీ తిప్పాడు. రాళ్లు చూసి చూసి విసుగొచ్చింది. ఈసారి ఏం చూస్తావమ్మా అంటే "పక్షులు" అన్నాను. జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ చెప్పిన రోజుల్లో ఏటా పిల్లల్ని ఆటోల్లో కుక్కి ఉప్పలపాడు తీసుకెళ్లేదాన్ని. ఊరి చెరువులో తుమ్మచెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు కిక్కిరిసి ఉంటే పిల్లలు ముక్కు మూసుకుని మరీ లెక్కపెట్టేవాళ్లు.

"అయితే సెయింట్ కిల్డా దీవులకి వెళ్దాం. పక్షులే పక్షులు. మనుషులు 1930లోనే ఖాళీ చేసి వెళ్లిపోయారు" అన్నాడు వాడు.

ఆ రెండో మాట వినగానే మావారు పేపరు లోంచి తలెత్తారు. ఆయన నీటిపారుదల శాఖలో చేసి రిటైరయ్యారు. అచ్చంపేట అవతల కృష్ణ ఒడ్డున ఉండే మా అమ్మమ్మ వాళ్ల ఊరు పులిచింతల నీళ్లలో మునిగింది. కోహినూర్ దొరికిన చోటని చెప్పుకునే కొల్లూరు కూడా ఆ నీళ్ల కిందే ఉంది. ముంపు గ్రామాల్లో ఇళ్ల కొలతలు తీసినవాళ్లలో మావారొకరు. అమ్మమ్మ ఇంటికి టేపు పెట్టిందీ ఆయనే. "పెంకుటిల్లు, రెండు గదులు, వసారా" అని రిజిస్టర్లో రాసుకుంటుంటే అమ్మమ్మ ఆయనకి మజ్జిగ తెచ్చి ఇచ్చింది. ఇన్నేళ్లయినా ఆ సంగతి మా ఇద్దరి మధ్య అప్పుడప్పుడూ కుర్చీ వేసుకుని కూర్చుంటుంది.

మొదటి రోజు, ఆదివారం

గ్లాస్గో నుంచి పొద్దున్నే కారులో బయల్దేరి లోమండ్ సరస్సు, గ్లెన్‌కో లోయ, ఫోర్ట్ విలియం మీదుగా వంతెన దాటి స్కై దీవి చేరాం. దారంతా అందమే. దాని గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి నేను రాయను. యూయిగ్ రేవు దగ్గర బస. కోడలు కుక్కర్ వెంట తెచ్చింది కాబట్టి పప్పన్నం, గోంగూర పచ్చడి. రాత్రి పదిన్నరకి కూడా బయట వెలుతురు పోలేదు. మావారు మంచం మీద కూర్చుని "ఇంకా సాయంత్రమే కదా, అప్పుడే పడుకోవడమేంటి" అని ఒకటే గొణుగుడు.

రెండో రోజు, సోమవారం

యూయిగ్ నుంచి పెద్ద ఓడలో కారుతో సహా గంటా నలభై నిమిషాలు వెళ్తే హారిస్ దీవిలోని టార్బర్ట్ వస్తుంది. అక్కడి నుంచి దక్షిణపు కొసన ఉన్న లెవర్‌బరా. మా పడవ బయల్దేరేది అక్కడి నుంచే.

ఈ ఊరి పేరులో మనకి తెలిసిన మనిషే దాక్కున్నాడు. చిన్నప్పుడు కిరాణా కొట్లో కొన్న లైఫ్‌బాయ్, సన్‌లైట్ సబ్బులు గుర్తున్నాయి కదా, ఆ సబ్బుల కంపెనీ లీవరే. లార్డ్ లెవర్‌హ్యూమ్ అయ్యాక 1919లో ఏకంగా హారిస్ దీవిని కొనేశాడు. ఓబ్ అనే ఈ పల్లెని పెద్ద చేపల రేవు చేస్తానని పనులు మొదలుపెట్టించాడు. పల్లెకి తన పేరొచ్చింది. 1925లో ఆయన పోయాడు, పనులు ఆగిపోయాయి. పేరు మాత్రం మిగిలింది. ఇప్పుడది ఒక జెట్టీ, ఒక దుకాణం, నాలుగు వీధులు. బోర్డుల మీద పైన అక్కడి భాష గేలిక్, కింద ఇంగ్లిష్.

సాయంత్రం పడవ వాళ్ల నుంచి ఫోను. రేపు గాలి ఎక్కువ, పడవ కదలదు, ఎల్లుండి చూద్దాం అని. ఇలా అవుతుందని ముందే చెప్పారు. అందుకే టికెట్టు తీసుకున్నవాళ్లు ఇంకో రోజు చేతిలో పెట్టుకుని రావాలి.

మూడో రోజు, మంగళవారం

గాలి. కారు తలుపు తీస్తే చేతిలోంచి లాక్కుపోయేంత గాలి.

చేసేదేం లేక ఒక నేతగాడి షెడ్డుకి వెళ్లాం. ఉన్నిబట్ట మీద హారిస్ ట్వీడ్ అనే పేరు వేసుకోవాలంటే ఈ దీవుల వాళ్లు తమ ఇంట్లోనే, కరెంటు లేకుండా మనిషే నడిపే మగ్గం మీద నేసి ఉండాలి. దానికి 1993లో ప్రత్యేకంగా ఒక చట్టమే చేశారు. మా మంగళగిరిలో గుంట మగ్గం మీద కూర్చుని కాళ్లతో తొక్కుతారు. ఇక్కడాయన సైకిలు తొక్కినట్టు తొక్కుతున్నాడు. అంతే తేడా. నడుము నొప్పి మాత్రం ఒక్కలాంటిదే అనుకుంటా, మాతో మాట్లాడటానికి లేచేటప్పుడు రెండు చేతులూ నడుము మీద పెట్టుకునే లేచాడు. మావారు తనకోసం బూడిదరంగు స్వెటరొకటి కొనుక్కున్నారు. అది ట్వీడ్ కాదు, పక్క దుకాణంలోది. ఈ స్వెటరుని గుర్తుపెట్టుకోండి.

నాలుగో రోజు, బుధవారం

పొద్దున ఎనిమిదికి జెట్టీ దగ్గర ఉన్నాం. ప్రయాణికులం పన్నెండు మందిమి. ఎక్కేముందు పడవాయన అందరి బ్యాగులూ తెరిచి చూసుకోమన్నాడు. ఎలకలు ఉన్నాయేమోనని!

"ఎలకా? మన పులిహోర డబ్బాలోనా?" అని మావారికి నవ్వొచ్చింది. పడవాయన మాత్రం నవ్వలేదు. ఆ దీవిలో పక్షులు చాలావరకు నేల బొరియల్లో, రాళ్ల సందుల్లో గుడ్లు పెడతాయి. అక్కడ ఎలకలు లేవు. కడుపుతో ఉన్న ఒక్క ఎలక దిగితే చాలు, కొన్నేళ్లలో గుడ్లూ పిల్లలూ మిగలవు. నేను మారు మాట్లాడకుండా డబ్బా మూత తీసి చూపించాను. పోపు వాసనకి పక్కనున్న తెల్లాయన మాత్రం ఒకసారి తొంగి చూశాడు.

హారిస్ ఉన్న హెబ్రిడీస్ దీవులు దాటాక పడమరగా ఇంకో 64 కిలోమీటర్లు అట్లాంటిక్ మహాసముద్రం. మొత్తం మీద మూడు గంటల ప్రయాణం. నేను వాంతుల మాత్ర వేసుకుని, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, కదలకుండా వెనక సీట్లో కూర్చున్నాను. కోడలు మొదటి గంటలోనే పడిపోయింది. "అత్తయ్యా, ఇంకెంతసేపు" అని మూడుసార్లు అడిగింది, నాలుగోసారి అడిగే ఓపిక కూడా లేకపోయింది. మా వాడు ఆమెకి ఒక సంచీ, తనకొక సంచీ పట్టుకుని కూర్చున్నాడు. కృష్ణలో పడవెక్కి భవానీ ద్వీపానికి వెళ్లొచ్చిన అనుభవం ఇక్కడ ఎందుకూ పనికిరాలేదు.

ముందు పక్షులు కనిపించాయి, తర్వాత దీవి. నీటి మీద చిన్న చిన్న నలుపు తెలుపు ఉండలు. పడవ దగ్గరికి రాగానే రెక్కలు టపటపా కొట్టుకుంటూ నీటి మీద పరుగెత్తి ఎగిరాయి. పఫిన్లు. ఎర్రటి, త్రికోణం ముక్కు, దిగులుగా వాలిన కళ్లు. పెళ్లిలో అలంకరణ ఎక్కువై ఏడుపు మొహం పెట్టిన తోడుపెళ్లికూతురు గుర్తొచ్చింది నాకు. ఒకదాని ముక్కున నాలుగైదు సన్నటి వెండి చేపలు అడ్డంగా వేలాడుతున్నాయి, మీసాల్లాగా.

తర్వాత మబ్బులోంచి కొండ బయటపడింది. హిర్టా. నాలుగు దీవుల గుంపులో పెద్దది, మనుషులు ఉన్నది ఇందులోనే. దాని శిఖరం 430 మీటర్లు, అవతలి వైపు అంత ఎత్తూ నిట్టనిలువుగా సముద్రంలోకి దిగిపోతుంది. దీవుల గుంపు మొత్తానికి సెయింట్ కిల్డా అని పేరు. చిత్రమేమిటంటే కిల్డా అనే పేరుతో సెయింటే లేరు.

రేవు లేదు. పడవలోంచి రబ్బరు పడవలోకి దిగి, దాంట్లోంచి రాతి మెట్టు మీదికి కాలు పెట్టాలి. మా వాడు ఒక రెక్క, పడవాయన ఒక రెక్క పట్టుకుని నన్ను బియ్యం బస్తాలా దించారు. దిగాక స్కాట్లండ్ నేషనల్ ట్రస్ట్ రేంజరు ఒకమ్మాయి వచ్చి జాగ్రత్తలు చెప్పింది. గోడల మీద ఎక్కకండి, చెత్త తిరిగి తీసుకెళ్లండి, పక్షులకి దగ్గరగా పోకండి. మావారు తల ఊపారు. వినలేదని తర్వాత తేలింది.

ఎవరూ లేని దీవి అనుకుని వచ్చాను. నిజానికి రేవు దగ్గరే మిలిటరీ వాళ్ల కట్టడాలున్నాయి. 1957 నుంచి వాళ్లు ఇక్కడ రాడార్ నడుపుతున్నారు. వేసవిలో రేంజర్లు, గొర్రెల మీద పరిశోధన చేసేవాళ్లు ఉంటారు. జనరేటర్ రొద వినిపిస్తూనే ఉంటుంది. ఫొటోల్లో ఇదేదీ పడనివ్వరు. కానీ ఇక్కడే పుట్టి, ఇక్కడే పోవాలనుకునేవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

ఆ కట్టడాలు దాటితే ఊరు. అరచంద్రం ఆకారంలో ఒకే ఒక వీధి, 1860లలో కట్టిన పదహారు రాతి ఇళ్లు, అన్నీ సముద్రం వైపే చూస్తూ. కొన్నింటికి ట్రస్టు వాళ్లు కప్పు వేశారు, ఒకదాన్ని మ్యూజియం చేశారు. మిగతావాటికి గోడలే. ఒక ఇంట్లోకి అడుగుపెట్టాను. అలవాటు కొద్దీ గడప తొక్కకుండా దాటాను. లోపల గచ్చు లేదు, గడ్డి. పొయ్యి ఉండే గోడ పక్కన ఒక ముదురు గోధుమరంగు గొర్రె పిల్లని వెంటబెట్టుకుని పడుకుని ఉంది. సోయే జాతి గొర్రెలవి, ఉన్ని దానంతటదే ఊడిపోతుంది. దీని వీపు మీద నుంచి చిరిగిన బొంతలా వేలాడుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు. వచ్చినవాళ్లం మేమే కదా. పొయ్యి దగ్గర ఒక పలక. చివరగా ఆ ఇంట్లో ఉన్నవాళ్ల పేరు దాని మీద రాసి ఉంది.

వెనక్కి తిరిగితే మావారు అడుగులో అడుగు వేసుకుంటూ గోడ నుంచి గోడకి నడుస్తున్నారు.

"ఏం చేస్తున్నారండీ?"

"రెండు గదులు. వసారా లేదు" అన్నారు.

నేను బయటికొచ్చేశాను.

మ్యూజియంలో చదివినవి, రేంజరమ్మాయి చెప్పినవి కలిపి రాస్తున్నాను. ఈ ఊరివాళ్లు చేపల కంటే పక్షుల మీదే ఎక్కువ బతికారు. గుర్రపు వెంట్రుకలతో పేనిన తాళ్లు కట్టుకుని, వట్టి కాళ్లతో కొండచరియల మీంచి దిగి గుడ్లు, పక్షుల్ని పట్టేవాళ్లు. మాంసం తిండికి, ఈకలు భూస్వామికి శిస్తు కింద, ఫుల్మార్ అనే పక్షి పొట్టలోని నూనె దీపానికి, మందుకి. పొద్దున్నే మగవాళ్లంతా వీధిలో చేరి ఈ రోజు ఏ కొండకి పోవాలో మాట్లాడుకునేవాళ్లు, మన రచ్చబండలాగా. దానికి పార్లమెంటని పేరు. కొన్నిసార్లు ఆ మాటలతోనే పొద్దు గడిచిపోయేదట. ఇది కూడా మన రచ్చబండలాగే.

పట్టిన పక్షుల్ని దాచడానికి క్లెట్‌లని రాతి గూళ్లు కట్టుకున్నారు. సున్నం, మట్టి లేకుండా రాయి మీద రాయి పేర్చి పైన పచ్చిక బెడ్డలు కప్పుతారు. రాళ్ల సందుల్లోంచి గాలి ఆడి లోపలున్నది ఎండుతుంది, పై పచ్చిక వల్ల వాన దిగదు. గుంటూరు వాళ్లకి ఒక్క ముక్కలో చెప్పాలంటే కోల్డ్ స్టోరేజీలు, కరెంటు బిల్లు లేనివి. ఈ ఒక్క దీవిలోనే పన్నెండు వందలకి పైగా ఉన్నాయి. కొండ నిండా తలపాగా చుట్టుకున్న ముసలాళ్లు గొంతుకూర్చున్నట్టు కనిపిస్తాయి.

మరి ఎందుకు పోయారు? నేను వెళ్లగొట్టారనే అనుకున్నాను. పడవలో కూర్చున్నప్పటి నుంచీ ఆ కోపాన్ని ఒళ్లో పెట్టుకునే వచ్చాను. కాదు. 1930 మే నెలలో ఊరివాళ్లే ప్రభుత్వానికి అర్జీ రాశారు, మమ్మల్ని ఇక్కడి నుంచి తీసుకెళ్లండని. ఆ జనవరిలో జబ్బు చేసిన ఒక చిన్నవయసు ఆవిడని ఎట్టకేలకు గ్లాస్గో ఆసుపత్రికి చేర్చినా బతకలేదు. పడుచువాళ్లు ఒక్కొక్కరే బయటికి పోతున్నారు. తెడ్లు వేయడానికి, తాడు పట్టడానికి మగవాళ్లు చాలడం లేదు. అంతకు ముందు తరాల్లో అయితే పుట్టిన బిడ్డల్లో చాలామంది వారం పది రోజుల్లోనే ధనుర్వాతంతో పోయేవాళ్లు. బొడ్డు కోసేచోట శుభ్రత లేక. 1890లలో ఒక పాస్టరు యాంటిసెప్టిక్ పద్ధతులు తెచ్చాక గానీ అది ఆగలేదు. బారసాల దాకా బతుకుతుందో లేదో తెలియని బిడ్డని ఎత్తుకుని ఈ గడపల్లో కూర్చున్న తల్లులు ఎందరో.

1852లో 36 మంది ఓడెక్కి ఆస్ట్రేలియా పోయారు, దారిలోనే చాలామంది చచ్చిపోయారు. 1930 ఆగస్టు 29న మిగిలింది కూడా 36 మందే. ఆ పొద్దున ప్రతి ఇంట్లో బైబిల్ తెరిచి పెట్టి, పక్కన కాసిని ఓట్ గింజలు పోసి, తలుపులు వేసి హేర్‌బెల్ అనే ఓడెక్కారట. వాళ్లలో కొందరు మగవాళ్లకి స్కాట్లండ్‌లో ప్రభుత్వం ఇచ్చిన కొలువు ఏంటో తెలుసా? అడవుల శాఖలో. ఒక్క చెట్టు కూడా మొలవని దీవిలో పుట్టినవాళ్లకి.

పులిహోర తినేటప్పుడు మావారితో అన్నాను. "వీళ్లు అర్జీ పెట్టుకుని వెళ్లారట. మావాళ్లలాగా కాదు."

ఆయన కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అర్జీలో ఏం రాశారో చదివావా? ఇంకో చలికాలం ఇక్కడ ఉండలేం అని. అది అడగడం అంటావా?" అన్నారు.

నా దగ్గర జవాబు లేదు. పులిహోరలో పల్లీలు మెత్తబడిపోయాయి.

తిన్నాక కొండ మీదికి కొంత దూరం ఎక్కాం. గడ్డిలో స్కువాలని గోధుమరంగు పెద్ద పక్షులు గుడ్లు పెట్టుకుని ఉంటాయి. దగ్గరికి వెళ్తే నేరుగా తల మీదికి దూకుతాయి. కర్ర తలకంటే ఎత్తుగా పట్టుకోమన్నారు, కర్రని కొడుతుంది, తలని వదిలేస్తుంది. మాకు రెండే కనిపించాయి. 2021, 2022లలో బర్డ్ ఫ్లూ వచ్చి చాలా పోయాయని చెప్పారు. పైన అంచు దగ్గర బోర్లా పడుకుని కిందికి చూశాను. నిలువు గోడ, దాని మీద చుక్కల్లా వేల పక్షులు, చాలా కింద సముద్రం శబ్దం లేకుండా తెల్లగా విరుగుతోంది. పెళ్లి చేసుకోవాలనుకున్న కుర్రాడు ఇలాంటి ఒక రాతి అంచున ఒంటికాలి మీద నిలబడి వంగి చూపించాలట, పక్షుల్ని పట్టి పెళ్లాన్ని పోషించగలనని. ఈ లెక్కన మా ఇంట్లో ఎవరికీ పెళ్లయ్యేది కాదు.

దిగి వచ్చేటప్పుడు జరిగింది అసలు ముచ్చట. మావారికి క్లెట్ కట్టడం మీద మనసు పడింది. సిమెంటు లేకుండా కప్పు రాయి ఎలా నిలబెట్టారో చూడాలని ఒకదాని ద్వారంలో తల దూర్చారు. లోపల తెల్లటి బొద్దు పక్షి ఒకటి గుడ్డు మీద కూర్చుని ఉంది. ఫుల్మార్. అది నోరు తెరిచింది. ఆయన "అబ్బ, ఎంత ముద్దుగా ఉందో చూడు" అంటున్నారు. ఖళ్ మని ఒక చప్పుడు, నారింజరంగు నూనె చిమ్మి కొత్త స్వెటరు మీద మెడ నుంచి పొట్ట దాకా పడింది.

ఆ వాసన ఎలా చెప్పను. కుళ్లిన రొయ్యల మీద ఆముదం పోసి ఎండలో పెడితే వచ్చేది. శత్రువు దగ్గరికొస్తే అలా ఊయడమే ఈ పక్షికి తెలిసిన యుద్ధం. ఇంకో పక్షి మీద పడితే ఈకలు అంటుకుపోయి ఎగరలేదు. ఈ ఊరి దీపాలు వెలిగించిన నూనె ఇదే. 1878 దాకా బ్రిటన్ మొత్తం మీద ఫుల్మార్లు గుడ్లు పెట్టింది ఈ దీవుల్లోనే. అంత ఘనమైన నూనె మావారికి ఉచితంగా అందింది. రేంజరమ్మాయి ఏమీ అనలేదు గానీ, నవ్వాపుకోవడానికి సముద్రం వైపు తిరిగింది.

తిరుగు పడవలో ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు.

పడవ నేరుగా వెనక్కి పోకుండా బోరరే దీవి చుట్టూ తిరిగింది. దాని పక్కన సముద్రంలోంచి రెండు రాతి స్తంభాలు పొడుచుకుని ఉంటాయి. స్టాక్ లీ 172 మీటర్లు, స్టాక్ అన్ అర్మిన్ 196 మీటర్లు. దూరం నుంచి మంచు పడ్డట్టు తెల్లగా ఉన్నాయి. దగ్గరికి వెళ్తే ఆ తెలుపు కదులుతోంది. గానెట్లనే పెద్ద తెల్ల సముద్రపక్షులు. ఈ దీవుల్లో సముద్రపక్షులన్నీ కలిపి దాదాపు పది లక్షలు. ఆకాశంలో వడ్ల మీద తూర్పారబట్టిన పొట్టులా తిరుగుతున్నాయి, అరుపులకి పడవ ఇంజను వినిపించలేదు. ఒక గానెట్ అంత ఎత్తు నుంచి రెక్కలు వెనక్కి ముడుచుకుని బాణంలా నీళ్లలో పడింది. ఉప్పలపాడు వాసనే, వందరెట్లు. నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. గాలి వల్లేనని కోడలికి చెప్పాను.

1727 ఆగస్టులో ముగ్గురు మగవాళ్లని, ఎనిమిది మంది పిల్లల్ని గానెట్ల కోసం ఆ స్టాక్ అన్ అర్మిన్ మీద దింపి వెళ్లారు. కొన్ని రోజుల్లో వచ్చి తీసుకెళ్లాలి. ఇంతలో హిర్టాలో మశూచి వచ్చింది. పడవ నడపడానికి సరిపడా మనుషులు మిగల్లేదు. ఆ పదకొండు మందీ చలికాలమంతా ఆ రాతి మీదే పక్షుల్ని తిని బతికారు, తొమ్మిది నెలల తర్వాత భూస్వామి మనిషి పడవలో వచ్చి దించాడు. అందరూ బతికే ఉన్నారు. దిగి ఊరికి వెళ్తే వాళ్లకోసం ఎదురుచూసేవాళ్లలో చాలామంది లేరు. పడవాయన ఈ కథ మైకులో చెప్పి, ఇంజను ఆపి కాసేపు ఊరుకున్నాడు. స్తంభం మీద ఒక చోట రాళ్లు పేర్చిన చిన్న గూడు చూపించాడు. నాకు కనిపించలేదు, మావారికి కనిపించింది.

ఐదో రోజు, గురువారం

తిరుగు ప్రయాణం. స్వెటరుని మూడు ప్లాస్టిక్ కవర్లలో చుట్టి డిక్కీలో పెట్టాం. అయినా గ్లాస్గో దాకా కారు అద్దాలు దించుకునే వచ్చాం.

గుంటూరు

పారేయమంటే ఆయన వినలేదు. మా వాడి ఇంట్లో మెషిన్లో రెండుసార్లు, ఇక్కడికొచ్చాక కుంకుడుకాయ రసంలో ఒకసారి, నిమ్మకాయ రుద్ది ఒకసారి ఉతికాను. ఎండలో ఆరేస్తే పోయిందనే అనుకున్నాం. ఆషాఢంలో మొదటి వాన పడ్డ సాయంత్రం బీరువా తీస్తే మళ్లీ సెయింట్ కిల్డా. తీసుకెళ్లి డాబా మీద దండెం మీద వేశాను. రెండు కాకులొచ్చి పిట్టగోడ మీద కూర్చుని దాన్నే చూస్తున్నాయి. ఆయన కుర్చీ వేసుకుని కాపలా కూర్చున్నారు.

అవతలి డాబా మీంచి పక్కింటి అమ్మాయి కేకేసింది. "పిన్నిగారూ, మీరు చేపలు తినరు కదా, ఎండుచేపలు ఎవరికోసం పెట్టారు?"